విముక్తి పేరిట నడిచిన సైన్యాలు

పరాయి నేల మీదికి దండెత్తిన ఏ సైన్యమూ తాను దోచుకోవడానికి వచ్చానని చెప్పుకోదు. శాంతిని నెలకొల్పడానికి వచ్చానంటుంది. బందీలను విడిపించడానికి వచ్చానంటుంది. అనాగరికులకు నాగరికత నేర్పడానికి వచ్చానంటుంది. 1873 వేసవిలో మధ్య ఆసియాలోని ఖీవా నగరాన్ని రష్యా జార్ చక్రవర్తి సైన్యాలు పట్టుకున్నప్పుడు ప్రపంచానికి వినిపించిన మాట కూడా ఇదే. ఖీవాలో బానిసత్వం రద్దయింది. ఆ ప్రకటన వెలువడి నెల తిరగకముందే అవే సైన్యాలు అదే రాజ్యంలోని యోముత్ తుర్క్‌మెన్ తెగ మీద విరుచుకుపడ్డాయి. బండ్ల మీద పారిపోతున్న కుటుంబాలను వెంటాడి నరికాయి. గుడారాలను, ధాన్యపు కుప్పలను తగులబెట్టాయి.

విముక్తి ప్రకటన నిజం. ఆ ఊచకోతా నిజమే. ఒకదాన్ని గుర్తుంచుకొని రెండోదాన్ని మరచిపోయేవారికి చరిత్ర ఎందుకూ కొరగాదని మేము భావిస్తున్నాము. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన పిల్లల పాఠ్యపుస్తకాలలో మధ్య ఆసియా తైమూరుతో మొదలై బాబరుతో ముగిసిపోతుంది. ఆ తరువాత ఆ నేల ఏమైందో, అక్కడి ప్రజలు ఎవరి ఏలుబడిలోకి పోయారో మనకు తెలియదు. నిజానికి ఆ నేల మనకు అంత దూరమైనదేమీ కాదు. మొదటి నిజాం తాతగారైన ఖ్వాజా ఆబిద్ ఖాన్ సమర్‌ఖండ్ ప్రాంతం నుండి వచ్చినవాడే. 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సైన్యంలో ఉండి, ఫిరంగి దెబ్బకు గాయపడి, ఈ నేల మీదనే కన్నుమూశాడు. ఆయన సమాధి నేటికీ హిమాయత్ సాగర్ సమీపంలో ఉంది. ముట్టడించినవారూ ముస్లిములే, ముట్టడికి గురైన కుతుబ్‌షాహీలూ ముస్లిములే. రాజ్యకాంక్షకు మతం ముసుగు మాత్రమేనని చెప్పడానికి మనం సమర్‌ఖండ్ దాకా పోనక్కరలేదు. అయినా పోవలసిన కారణం వేరే ఉంది.

ఎడారి తిప్పికొట్టిన రెండు దండయాత్రలు

పందొమ్మిదో శతాబ్దం నాటికి మధ్య ఆసియాలో మూడు ముఖ్యమైన రాజ్యాలు ఉండేవి. ఆము దర్యా దిగువన ఖీవా, నడుమ బుఖారా, తూర్పున ఫర్‌గానా లోయలో కోకంద్. వీటికి ఉత్తరాన, కాస్పియన్ సముద్రం నుండి చైనా సరిహద్దు వరకు కజక్ కాపరుల గడ్డిమైదానాలు వ్యాపించి ఉండేవి. పడమరన కారాకుమ్ ఎడారిలో తుర్క్‌మెన్ తెగలు నివసించేవి.

రష్యా ఈ దిక్కున తొలిసారి పెద్ద ఎత్తున సైన్యాన్ని పంపింది 1717లో. పీటర్ చక్రవర్తి ఆజ్ఞ మీద కొన్ని వేల మందితో ఖీవాకు బయలుదేరిన సేనాని బెకోవిచ్ చెర్కాస్కీ కాకసస్ పర్వత ప్రాంతపు కబర్దీయ వంశీకుడు. ముస్లింగా పుట్టి క్రైస్తవం స్వీకరించినవాడు. ఆము దర్యా తీరాన బంగారం దొరుకుతుందనీ, ఆ నదిని మళ్ళీ కాస్పియన్ వైపు మళ్ళించవచ్చుననీ చక్రవర్తికి ఆశ. ఖీవా పాలకుడు షేర్ గాజీ ఖాన్ స్నేహం నటించాడు. ఆతిథ్యం ఇవ్వడం సులువవుతుందని చెప్పి సైన్యాన్ని చిన్న చిన్న దళాలుగా విడదీయించాడు. ఆ తరువాత ఆ దళాలను ఒక్కొక్కటిగా హతమార్చాడు. ఇది వీరత్వం కాదు, నమ్మకద్రోహం. ఆ మాట దాచవలసిన అవసరం మాకు లేదు.

రెండో దండయాత్రకు అంతకంటె గొప్ప సాకు దొరికింది. ఖీవాలో రష్యన్ బందీలు బానిసలుగా మగ్గుతున్నారు, వారిని విడిపించాలి. 1839 నవంబరులో ఒరెన్‌బర్గ్ గవర్నర్ జనరల్ పెరోవ్‌స్కీ సుమారు 5,000 మంది సైనికులతో, 10,000 ఒంటెలతో బయలుదేరాడు. వేసవిలో నీళ్ళు దొరకవని చలికాలాన్ని ఎంచుకున్నారు. ఆ ఏడు చలి మునుపెన్నడూ లేనంత తీవ్రంగా వచ్చింది. సైన్యం సగం దారి కూడా పోలేక వెనుదిరిగింది. ఖీవా సైన్యంతో ఒక్క పెద్ద యుద్ధమైనా జరగకుండానే వెయ్యి మందికి పైగా సైనికులు చలికి, జబ్బులకు బలైపోయారు. ఒంటెలలో అత్యధిక భాగం మంచులోనే చచ్చిపడ్డాయి. ఆ ఒంటెలు కజక్ కాపరుల దగ్గర నుండి సేకరించినవి. కాపరికి ఒంటె అంటే ఇల్లూ వాకిలీ, పాలూ పాడీ, పిల్లవాడి పెళ్ళీ. విముక్తి యాత్ర ఖర్చు మొదట పడింది ఆ కాపరి మీదనే.

ఇక్కడ పాఠకులు రెండు సంగతులు గమనించాలి. మొదటిది: ఖీవా బానిసలను విడిపించడానికి రష్యా సైన్యం కదిలిన 1839 నాటికి, రష్యాలోనే రెండు కోట్లకు పైగా రైతులు భూస్వాములకు కట్టుబానిసలుగా ఉన్నారు. వారికి విముక్తి చట్టం వచ్చింది 1861లో. తన ఇంటి సంకెళ్ళను తాకకుండా పొరుగింటి సంకెళ్ళు తెంచడానికి బయలుదేరిన చక్రవర్తి మాటలో ఎంత నిజాయితీ ఉందో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

రెండోది: 5,000 మంది సైనికులు సాధించలేని పనిని 1840లో ఒక్క అధికారి మాటలతో సాధించాడు. హెరాత్ నుండి వచ్చిన ఈస్టిండియా కంపెనీ లెఫ్టినెంట్ రిచ్‌మండ్ షేక్‌స్పియర్ ఖీవా పాలకుడు అల్లాహ్ కులీ ఖాన్‌తో సంప్రదింపులు జరిపి 416 మంది రష్యన్ బందీలను విడిపించి, వారిని వెంటబెట్టుకొని రష్యా సరిహద్దుకు చేర్చాడు. ఆంగ్లేయులు ఇది ధర్మబుద్ధితో చేశారని మేము అనడం లేదు. రష్యాకు ఖీవా మీదికి వచ్చే సాకు లేకుండా చేయడమే వారి ఎత్తు. సరిగ్గా ఆ సమయంలోనే వారి సైన్యం కాబూల్‌లో తిష్ఠ వేసి ఉంది. మరో రష్యన్ దాడి వస్తుందేమోనన్న భయమూ ఖాన్ మనసు మార్చి ఉండవచ్చు. అయినా సంప్రదింపులతో బందీలు విడుదలయ్యారన్నది కాదనలేని వాస్తవం. నిజంగా బందీల కోసమే అయితే ఆ దారి తెరిచే ఉంది. ఆ దారిలో రాజ్యాలు దొరకవు, అంతే తేడా.

ఆజ్ఞ లేని విజయాలు

గడ్డిమైదానాల కథ ఇంతకంటె నెమ్మదిగా నడిచింది. 1731లో కజక్ చిన్న జూజ్ పాలకుడు అబుల్ ఖైర్ ఖాన్ శత్రువుల నుండి రక్షణ కోరి రష్యా సామ్రాజ్ఞికి విధేయత ప్రకటించాడు. తొంభై ఏళ్ళు గడిచేసరికి ఆ రక్షణ రూపం మారింది. 1822లో మధ్య జూజ్‌లో, 1824లో చిన్న జూజ్‌లో ఖాన్ పదవినే రష్యా రద్దు చేసింది. 1837 నుండి 1847 వరకు కెనెసరీ కాసిమోవ్ నాయకత్వంలో కజక్‌లు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటు అణగారింది. కోటల వరుసలు దక్షిణానికి జరుగుతూ వచ్చాయి. 1853లో సిర్ దర్యా ఒడ్డున కోకంద్ వారి అక్ మస్జిద్ కోట పడిపోయింది. తెల్ల మసీదు అని అర్థం వచ్చే ఆ పేరు తీసివేసి, దానికి జయించిన సేనాని పెరోవ్‌స్కీ పేరే పెట్టారు.

1864లో రష్యా విదేశాంగ మంత్రి గోర్చకోవ్ యూరప్ రాజ్యాలకు ఒక లేఖ పంపాడు. మధ్య ఆసియాలో తమ స్థితి, స్థిరమైన వ్యవస్థ లేని అర్ధ అనాగరిక సంచారజాతులతో తలపడవలసి వచ్చిన ప్రతి నాగరిక రాజ్యపు స్థితే అన్నది ఆ లేఖ సారాంశం. సరిహద్దు భద్రత కోసం ఒక తెగను లొంగదీస్తే దాని ఆవల మరొక తెగ ఎదురవుతుంది. కనుక ముందుకు పోక తప్పదు. ఇందుకు ఆయన చూపిన ఉదాహరణలు అమెరికా ఖండంలో అమెరికన్లు, అల్జీరియాలో ఫ్రెంచివారు, తమ వలసల్లో డచ్చివారు, హిందూస్థానంలో ఆంగ్లేయులు. అనగా సాక్షులను వెదుక్కోవలసిన పని ఆయనకు లేకపోయింది. ఏ తప్పు చేస్తున్నాడో ఆ తప్పే చేస్తున్నవారిని సాక్ష్యానికి పిలిచాడు. ఆ పట్టికలో మన దేశం పేరు ఉన్నదన్న సంగతి మనం మరువరాదు.

భద్రత అనే మాటకు అంతు లేదని మరుసటి ఏడాదే తేలిపోయింది. 1865 జూన్‌లో జనరల్ చెర్న్యాయెవ్ రెండు వేలకు లోపు సైనికులతో, 12 ఫిరంగులతో సుమారు లక్ష జనాభా గల తాష్కెంట్‌ను పట్టుకున్నాడు. అలా చేయమని రాజధాని నుండి అతనికి ఆజ్ఞ లేదు. ఆ నగరం ఎందుకు పట్టుకున్నారో ఎవరికీ తెలియదని స్వయంగా రష్యా దేశీయాంగ మంత్రి వాలుయెవ్ తన దినచర్యలో రాసుకున్నాడు. కాని నగరాన్ని తిరిగి ఇచ్చివేయాలని ఎవరూ అనలేదు. ఆజ్ఞ మీరినవాడికి సత్కారాలు దొరికాయి. ఇది చూసిన ప్రతి సేనానికీ ఒక పాఠం అర్థమైంది: ముందు పట్టుకో, అనుమతి తరువాత వస్తుంది. చట్టాన్ని మీరినవాడికి శిక్షకు బదులు బహుమానం దక్కే చోట, చట్టం బలహీనుడికి మాత్రమే వర్తిస్తుంది.

1867లో తుర్కిస్తాన్ గవర్నర్ జనరల్‌గా కాఫ్‌మన్ వచ్చాడు. 1868లో సమర్‌ఖండ్ పడిపోయింది. అతడు ముందుకు సాగగానే ఆ నగరవాసులు తిరగబడి కోటలోని రష్యన్ దళాన్ని చుట్టుముట్టారు. కాఫ్‌మన్ తిరిగి వచ్చి ప్రతీకారంగా బజారును తగులబెట్టించాడు. బుఖారా అమీరు ముజఫ్ఫర్ ఓడిపోయి సంధి చేసుకున్నాడు. సింహాసనం మిగిలింది, స్వాతంత్ర్యం పోయింది.

ఖీవా: సంకెళ్ళు ఎవరివి, కత్తి ఎవరిది

ఇక ఖీవా సంగతి. ఇక్కడ మన మాట తిన్నగా ఉండాలి. ఖీవాలో బానిసల బజారు ఉండేది. తుర్క్‌మెన్ తెగలవారు ఇరాన్ సరిహద్దు గ్రామాల మీద దాడి చేసి, పురుషులను, స్త్రీలను, పిల్లలను ఎత్తుకొచ్చి అక్కడ అమ్మేవారు. ఆ బానిసలలో అత్యధికులు ఇరానీ షియా ముస్లిములు. ముస్లింను బానిసగా చేయరాదని తెలిసీ, షియాలు ముస్లిములే కారని ఫత్వాలు పుట్టించి, ఆ వ్యాపారానికి ధార్మిక ఆమోదం సంపాదించిన ఉలేమాలు కూడా ఆ నేల మీద ఉన్నారు. తోటి ముస్లింను ముస్లిం కాదనడంతో మొదలైన మాట ఎక్కడికి పోయి ఆగుతుందో ఖీవా బజారు చూపించింది. అక్కడ తల్లి ఒకరి పాలైంది, బిడ్డ మరొకరి పాలయ్యాడు. దీన్ని మేము ఏ విధంగానూ సమర్థించము. ఖానుల రాజ్యాలు మన స్వర్ణయుగాలని పాడుకునే అలవాటును కూడా మేము హర్షించము.

1873లో కాఫ్‌మన్ నాయకత్వంలో సుమారు 13,000 మంది సైనికులు తాష్కెంట్ నుండి, ఒరెన్‌బర్గ్ నుండి, కాస్పియన్ తీరం నుండి వేర్వేరు దారుల్లో ఖీవా మీదికి కదిలారు. వారిలో క్రస్నోవోద్‌స్క్ నుండి బయలుదేరిన దళం దప్పికకు, ఎండకు తాళలేక నడిదారిలోనే వెనుదిరిగింది. మిగిలినవి చేరుకున్నాయి. జూన్ 10న ఖీవా లొంగిపోయింది. ఖాన్ ముహమ్మద్ రహీమ్ తనను తాను రష్యా చక్రవర్తికి విధేయ సేవకుడిగా ప్రకటించుకుంటూ సంధిపత్రం మీద ముద్ర వేయవలసి వచ్చింది. ఆము దర్యా కుడి ఒడ్డు భూములు పోయాయి. 22 లక్షల రూబుళ్ళ యుద్ధ పరిహారం నెత్తిన పడింది. ఆ పరిహారం కట్టింది ఖాన్ కాదు. నీటి కాలువల పక్కన దున్నుకొని బతికే రైతులు. బానిసత్వం రద్దు కావడం మాత్రం మంచిదే. విడుదలైన ఇరానీలలో చాలామంది ఎడారి దాటి ఇల్లు చేరేలోపే దారిలో హతమైపోయారు. విముక్తి ప్రకటించినవారు వారిని క్షేమంగా ఇల్లు చేర్చే బాధ్యతను తగినంతగా తీసుకోలేదు.

ఆ తరువాతే యోముత్‌ల వంతు వచ్చింది. ఖీవా ప్రభుత్వంతో పాటు ఆ తెగ మీద కాఫ్‌మన్ ప్రత్యేకంగా 3 లక్షల రూబుళ్ళ జరిమానా విధించాడు. కట్టడానికి ఇచ్చిన గడువు రెండు వారాలు. పశువులు, తివాచీలు, ఆడవారి వెండినగలు తప్ప వేరే సంపద లేని తెగ అంత సొమ్ము అన్ని రోజుల్లో కట్టలేదని అందరికీ తెలుసు. గడువు తీరే దాకానైనా ఆగలేదు. జనరల్ గొలొవచోవ్‌ను సైన్యంతో పంపారు. తెగను, కుటుంబాలతో, మందలతో సహా, నాశనం చేయాలన్నది అతనికి అందిన ఆదేశపు సారం. ఒక తెగలో కొందరు దోపిడీదారులు ఉన్నారని మొత్తం తెగను, పొత్తిళ్ళలోని పసికందుతో సహా, దోషిగా నిలబెట్టడం అన్నమాట. తప్పు చేసినవాడి పేరు అడగకుండా అతని కులమేదో, మతమేదో అడిగి శిక్షించే పాలన ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా న్యాయం అనే పేరుకు తగదు.

ఇద్దరు సాక్షులు

ఈ ఊచకోత మనకు ఎలా తెలిసింది? యోముత్‌లు పుస్తకాలు రాసి ప్రపంచానికి పంపగల స్థితిలో లేరు. రష్యా సైన్యం వెంట నడిచిన అమెరికన్ పాత్రికేయుడు జనువేరియస్ మెక్‌గహన్ తాను చూసినదాన్ని 1874లో పుస్తకంగా అచ్చువేశాడు. రష్యన్ సైనికులతో స్నేహంగా మెలగినవాడు, వారి ధైర్యాన్ని మెచ్చుకున్నవాడు. అయినా కన్ను మూసుకోలేదు. అమెరికా దౌత్యాధికారి యూజీన్ స్కైలర్ 1876లో వెలువరించిన తన గ్రంథంలో ఆ దాడికి సంబంధించిన ఆదేశాలను బయటపెట్టాడు.

కథ ఇక్కడితో ఆగితే మనకు సౌకర్యంగా ఉండేది. ఆగలేదు. అదే 1876లో బల్గేరియాలో తిరుగుబాటును అణచే పేరుతో ఉస్మానియా సామ్రాజ్యపు అక్రమ దళాలు క్రైస్తవ గ్రామాలలో ఊచకోత సాగించాయి. బతక్ గ్రామంలో స్త్రీలు, పిల్లలు చర్చిలో తలదాచుకున్నా వదలలేదు. ఆ దారుణాన్ని లోకానికి తెలిపింది ఎవరు? ఆ మెక్‌గహనే, ఆ స్కైలరే. ముస్లిములు హతమైనప్పుడు నిజం చెప్పిన కలాలే, ముస్లిం సామ్రాజ్యపు దళాలు హతమార్చినప్పుడూ నిజం చెప్పాయి.

1873 నాటి సాక్ష్యాన్ని నెత్తిన పెట్టుకొని 1876 నాటి సాక్ష్యాన్ని కుట్ర అని కొట్టిపారేసే హక్కు మనకు లేదు. ఒకే కొలమానం ఉండాలి. ద్వేషం అడ్డు వచ్చినా, అభిమానం అడ్డు వచ్చినా న్యాయం నుండి తొలగరాదని మన ధర్మం మనకు నేర్పింది కదా! మన వారి కన్నీటినే లెక్కపెట్టేవాడిని హక్కుల కార్యకర్త అనలేము; అతడు తన వర్గానికి వకీలు మాత్రమే. వకీలు మాటను న్యాయమూర్తి అనుమానంతోనే వింటాడు.

మూడో సాక్షి స్వయంగా రష్యన్. సమర్‌ఖండ్ కోటలో తుపాకి పట్టి పోరాడిన చిత్రకారుడు వెరెష్చాగిన్ ఆ యుద్ధాల నుండి తెచ్చిన అనుభవంతో 1871లో కపాలాల గుట్టను చిత్రించి, భూత భవిష్యత్ వర్తమానాలలోని గొప్ప విజేతలందరికీ దాన్ని అంకితమిచ్చాడు. తరువాత మన దేశానికీ వచ్చి తాజ్‌మహల్‌ను చిత్రించినవాడు ఈయనే. 1874లో ఆయన చిత్రాలు సైన్యాన్ని అవమానిస్తున్నాయని అధికారులు నిందించగా, మనస్తాపం చెంది మూడు చిత్రాలను తన చేతులతోనే తగలబెట్టుకున్నాడు. జయించిన జాతిలో కూడా మనస్సాక్షి ఉంటుందనడానికీ, ఆ మనస్సాక్షిని ముందుగా నొక్కేది తన వారేననడానికీ ఆయనే నిదర్శనం.

కోకంద్ నుండి గోక్ తెపె దాకా

1875లో కోకంద్ ప్రజలు పన్నుల భారంతో విసిగి మొదట తమ ఖుదాయార్ ఖాన్ మీదనే తిరగబడ్డారు. అతడు రష్యా పంచన చేరాడు. తిరుగుబాటును జనరల్ స్కోబెలెవ్ అణచివేశాడు. 1876లో కోకంద్ రాజ్యమే రద్దయి ఫర్‌గానా జిల్లాగా మారింది. ప్రజలను పీడించిన ఖాన్‌నూ ప్రవాసానికి పంపారు. పీడనకు తిరగబడిన ప్రజల రాజ్యాన్నీ తీసేసుకున్నారు.

ఆ కాలంలో ఆలయ్ పర్వతాల కిర్గిజ్ తెగలకు నాయకత్వం వహించింది ఒక స్త్రీ, కుర్మన్‌జాన్ దత్కా. రక్తపాతం వల్ల తన ప్రజలకు నాశనమే మిగులుతుందని గ్రహించి 1876లో ఆమె సంధికి ఒప్పుకుంది. 1895లో ఆమె కుమారుడు కమ్చీబెక్‌ను ఓష్ నగరంలో రష్యన్ ప్రభుత్వం ఉరితీసింది. కన్నకొడుకును కళ్ళెదుట ఉరితీస్తున్నా, తన వారిని ఆయుధం పట్టనీయకుండా ఆమె నిగ్రహించిందని కిర్గిజ్‌లు నేటికీ చెప్పుకుంటారు. ఆమె ముఖచిత్రం ఇప్పుడు కిర్గిజిస్తాన్ కరెన్సీ నోటు మీద ఉంది. ముస్లిం స్త్రీకి బహిరంగ జీవితం ఉండేది కాదని ఇంటా బయటా వాదించేవారు ఆమె గురించి చదవాలి.

1881 జనవరిలో గోక్ తెపె కోటను స్కోబెలెవ్ ముట్టడించాడు. తెక్కె తుర్క్‌మెన్‌లు తమ కుటుంబాలతో సహా ఆ మట్టిగోడల మధ్య ఉన్నారు. సొరంగం తవ్వి, మందుగుండు పేల్చి గోడను కూల్చారు. జనవరి 24న కోట పడిపోయింది. కోటలోపల లెక్కకు వచ్చిన శవాలు సుమారు 6,500. ఎడారిలోకి పారిపోతుండగా తరిమి చంపినవారు సుమారు 8,000. వారిలో ఆడవారు, పిల్లలు ఉన్నారు. ఎంత గట్టిగా కొడితే అంత కాలం శాంతి ఉంటుందన్నది ఆసియా గురించి తన సూత్రమని స్కోబెలెవ్ తరువాత ఒక ఆంగ్ల పాత్రికేయుడితో నిస్సంకోచంగా చెప్పాడు. ప్రపంచమంతా మానవతామూర్తిగా కొలిచే రచయిత దోస్తోయెవ్‌స్కీ, మరణానికి ముందు రాసిన చివరి వ్యాసాలలో ఈ విజయానికి సంతోషించి, యూరప్‌లో తమను తక్కువగా చూసినా ఆసియాలో తాము యజమానులుగా అడుగుపెడతామన్నాడు. దుఃఖితుల హృదయం తెలిసిన కలానికి కూడా తుర్క్‌మెన్ తల్లి దుఃఖం కనిపించలేదు. సాహిత్యం గొప్పది కావచ్చు. న్యాయబుద్ధి దానంతట అదే రాదు.

ఆ దండయాత్ర అవసరాల కోసం కాస్పియన్ తీరం నుండి వేయడం మొదలుపెట్టిన రైలుమార్గమే 1888 నాటికి సమర్‌ఖండ్ చేరింది. రైలు వల్ల ప్రయాణం సులువైన మాట నిజమే. ఆ రైలు పెట్టెలలో ఎక్కువగా ఉత్తరానికి పోయింది ఫర్‌గానా పత్తి.

ఈ భయం అలలు మన దాకా వచ్చాయి. రష్యా హిందూస్థానం మీదికి వస్తోందన్న ఆందోళన నడుమ 1887లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వాయవ్య సరిహద్దు రక్షణ కోసం 60 లక్షల రూపాయలు ఇస్తానని వైస్రాయ్‌కు లేఖ రాశాడు. ఆ ప్రతిపాదనే సంస్థానాల ఖర్చుతో నడిచే సైనిక దళాల ఏర్పాటుకు దారితీసింది. కారాకుమ్‌లో ఒక సామ్రాజ్యం, ఖైబర్‌లో మరొక సామ్రాజ్యం చదరంగం ఆడితే, ఆ పందెంలో తెలంగాణ, మరాఠ్వాడ రైతుల శిస్తు సొమ్మును కూడా ఒడ్డడానికి సిద్ధపడ్డారు.

ఏవి తీసుకుపోయారు

నేల తరువాత జ్ఞాపకాలు పోయాయి. సమర్‌ఖండ్‌లోని ఖ్వాజా అహ్రార్ మసీదులో తరతరాలుగా భద్రంగా ఉన్న ప్రాచీన ఖుర్ఆన్ ప్రతిని, ఖలీఫా ఉస్మాన్ గారిదని ప్రజలు విశ్వసించే ప్రతిని, కాఫ్‌మన్ 1869లో సెయింట్ పీటర్స్‌బర్గ్ గ్రంథాలయానికి పంపించాడు. 1917 విప్లవం తరువాత ముస్లిములు అడిగి దాన్ని రాబట్టుకున్నారు. ముందు ఉఫా నగరానికి, తరువాత తాష్కెంట్‌కు అది చేరింది. ఖీవా ఖానుల పరిపాలన పత్రాలను కూడా 1873లో పట్టుకుపోయారు. పన్నుల లెక్కలు, భూముల వివరాలు గల ఆ పత్రాలు ఒక గ్రంథాలయంలో మూలన పడి, 1936లో గాని ఒక పరిశోధకుడి కంట పడలేదు. అరవై ఏళ్ళకు పైగా ఒక రాజ్యపు లెక్కలు ఆ రాజ్యపు ప్రజలకే అందుబాటులో లేవు. పత్రం లేనివాడికి గతం ఉన్నా దాన్ని రుజువు చేసుకోలేడు. భూమి తనదని చెప్పగలడు, చూపించలేడు.

ధార్మిక విషయాలలో కాఫ్‌మన్ విధానం విచిత్రమైనది. ఇస్లాంను అణచనూ వద్దు, ఆదరించనూ వద్దు, పట్టించుకోకుంటే దానంతట అదే క్షీణిస్తుందని అతని నమ్మకం. క్రైస్తవ మిషనరీలను రానీయలేదు. ముస్లిముల కోసం ముఫ్తీ వ్యవస్థనూ ఏర్పరచలేదు. అది క్షీణించలేదు. 1898లో అందిజాన్‌లో దుక్చీ ఇషాన్ అనే సూఫీ గురువు అనుచరులు సైనిక శిబిరం మీద దాడి చేసి 22 మంది రష్యన్ సైనికులను చంపారు. నిద్రిస్తున్నవారి మీద చేసిన ఆ దాడిని మేము మెచ్చుకోము. దాని పర్యవసానం కూడా అమాయకుల మీదనే పడింది. ఇషాన్‌ను ఉరితీశారు. ఆయన గ్రామమైన మింగ్ తెపెను నేలమట్టం చేసి, అక్కడ రష్యన్ వలసదారుల గ్రామాన్ని నిలిపారు. 1916లో 19 నుండి 43 ఏళ్ళ పురుషులను యుద్ధభూమి వెనుక కూలిపనులకు తీసుకుపోవాలని చక్రవర్తి ఆజ్ఞ ఇవ్వగా, జిజ్జఖ్ నుండి కిర్గిజ్ కొండల దాకా తిరుగుబాటు చెలరేగింది. సైన్యం వెంటాడుతుంటే వేలాది కిర్గిజ్ కుటుంబాలు మంచుకనుమలు దాటి చైనాకు పారిపోతూ దారిలోనే రాలిపోయాయి. ఓట్ల హక్కు లేదు, పరిపాలనలో పాలు లేదు. చాకిరీ వచ్చేసరికి మాత్రం వారు సామ్రాజ్య ప్రజలయ్యారు.

ఏమి గ్రహించాలి

"ఖానులు నిరంకుశులు కారా? బానిసత్వం పోయింది కదా? రైలు వచ్చింది కదా?" అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్న సహేతుకమైనదే. మా సమాధానం ఇది. ఒక సంస్కరణ నిజమైనదో కాదో తేల్చడానికి మూడు ప్రశ్నలు చాలు. ఎవరి మేలు కోసమని చెబుతున్నారో వారిని అడిగారా? దాని ఖర్చు ఎవరు భరించారు? అది ముగిసిన తరువాత నేల ఎవరి చేతిలో ఉంది? ఖీవాలో ఇరానీ బానిసను ఎవరూ అడగలేదు. ఖర్చు కజక్ కాపరి, ఖీవా రైతు, యోముత్ తల్లి భరించారు. నేల చక్రవర్తి చేతిలోకి పోయింది.

అయితే ఆ మూడు ప్రశ్నలతో మన పని అయిపోదు. నాలుగో ప్రశ్న మనల్ని మనం వేసుకోవాలి: ఆ సాకును వారి చేతికి ఇచ్చింది ఎవరు? ఖీవా ఉలేమా ముందే లేచి, ఈ బానిసల బజారు హరామ్ అని తీర్పు చెప్పి ఉంటే రష్యా సైన్యం ఆగిపోయేదని మేము అనము; సామ్రాజ్యానికి ఒక సాకు పోతే మరొకటి దొరుకుతుంది. కాని వేలాది ఇరానీ కుటుంబాలకు ఒక పరాయి సైన్యం కోసం ఎదురుచూసే దుర్గతి పట్టేది కాదు. మన ఇంట్లో అన్యాయానికి గురైనవారు వీధిలోకి చూడవలసి రావడమే మన ఓటమి. మన ఆడపిల్ల చదువు గాని, వారసత్వంలో ఆమె వాటా గాని, మనలోనే తక్కువగా చూడబడే బిరాదరీల గౌరవం గాని, ఎవరో వచ్చి మన మీద వేలెత్తి చూపినప్పుడే మనకు గుర్తుకు వస్తే, ఖీవా నుండి మనం ఏమీ నేర్చుకోనట్టే. సంస్కరణ మన చేతులతో, మనవారి కోసం, ఎవరికీ సాకుగా కాకుండా జరగాలి. అదే సమయంలో ఆ లోపాలను చూపించి మన హక్కులు లాక్కోవడానికి ఎవరికీ అధికారం లేదని గట్టిగా చెప్పాలి. ఈ రెండు మాటలలో ఏ ఒక్కటి వదిలినా రెండోది అబద్ధమైపోతుంది.

ఇంకొక మాట. ఖుర్ఆన్ ప్రతి తిరిగి వచ్చింది, అడిగినవారు ఉన్నారు గనుక. ఖీవా పత్రాలు వెలుగు చూశాయి, వెదికినవారు ఉన్నారు గనుక. యోముత్‌ల గోడు మనకు చేరింది, చూసినదాన్ని రాసినవారు ఉన్నారు గనుక. అడగడం, వెదకడం, రాయడం: బలహీనుల చేతిలో ఎల్లప్పుడూ మిగిలి ఉండే పనులు ఇవి. మన ఊరి మసీదు వక్ఫ్ కాగితాలు ఎక్కడ ఉన్నాయో, ఖబరస్తాన్ హద్దులు ఏ రికార్డులో నమోదయ్యాయో, తాతల నాటి దస్తావేజులు ఏ ఇనుప పెట్టెలో చెదలు పడుతున్నాయో ప్రతి కుటుంబమూ, ప్రతి కమిటీ ఒకసారి చూసుకోవాలి. వాటికి నకళ్ళు తీయించి, భద్రపరచి, చదవగలిగే పిల్లలకు చూపించాలి. ఖీవా ప్రజలు తమ రాజ్యపు లెక్కల కోసం అరవై ఏళ్ళు ఎదురుచూశారు. మన చేతిలో ఉన్నవాటి కోసం మనం ఎదురుచూడనక్కరలేదు.